హ్యూ అలెగ్జాండర్‌కు దక్కని బిరుదు: ఫిడేకు బహిరంగ లేఖ

ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షులకు, కౌన్సిల్ సభ్యులకు, అర్హతల కమిషన్ వారికి,

నమస్కారం.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాం. బ్రిటన్ చదరంగ ఆటగాడు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ గూఢలిపి విప్పినవారిలో ఒకరు అయిన కొనెల్ హ్యూ ఓడోనెల్ అలెగ్జాండర్‌కు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించండి. ప్రశంసాపత్రంలో ఆయన ఆడిన ఆటనీ, కొన్నిచోట్ల ఆడలేకపోయిన కారణాన్నీ, యుద్ధకాలంలో చేసిన పనినీ ఉన్నదున్నట్టు రాయండి. మరణానంతర బిరుదులకు ఒక లిఖిత పద్ధతి పెట్టండి. మూడోది వదిలేసి మొదటి రెండూ తీర్చినా సంతోషిస్తాం గానీ, అప్పుడు ఆయన వెనక వరసలో ఉన్నవాళ్ల కోసం ఇలాంటి లేఖే మళ్లీ ఎవరో ఒకరు రాయాల్సి వస్తుంది.

మీ కార్యాలయానికి చేరే లేఖ ప్రతి ఇంగ్లీషులో ఉంటుంది. బహిరంగంగా మాత్రం తెలుగులోనే పెడుతున్నాం. మా దగ్గర చదరంగం నేర్చుకునే పిల్లలకు ఈ విషయంలో చేరుతున్నది ఒక్క వాక్యమే: "చెస్ ఆడేవాళ్లే హిట్లర్ కోడ్ పగలగొట్టారు". అది సగం నిజం. మిగతా సగం వాళ్లకూ తెలియాలి, బిరుదు ఇచ్చే మీకూ కాగితం మీద ఉండాలి.

దారి మీరే వేశారు. 2024 ఫిబ్రవరిలో మీర్ సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించారు. ఆయన పోయింది 1966లో. అవిభక్త పంజాబు నుంచి ఇంగ్లాండు వెళ్లి 1929, 1932, 1933లలో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయిన ఆటగాడికి 58 ఏళ్లు ఆలస్యంగా అందిన గౌరవం అది. ఆలస్యమైనా అందింది, మనస్ఫూర్తిగా సంతోషించాం. 1933 ఫోక్‌స్టోన్ ఒలింపియాడ్‌లో సుల్తాన్ ఖాన్ ఆడిన ఇంగ్లాండు జట్టులోనే ఇరవై నాలుగేళ్ల అలెగ్జాండర్ కూడా ఉన్నారు. ఆ జట్టులో ఒకరి బాకీ తీరింది, మరొకరిది మిగిలింది.

ముందు ఆట సంగతి. బిరుదు చదరంగానిది కాబట్టి చదరంగంతోనే నిలబడాలి. 1937-38 హేస్టింగ్స్ టోర్నమెంటులో రెషెవ్‌స్కీ మొదటి స్థానం తెచ్చుకుంటే, అలెగ్జాండర్ కెరెస్‌తో కలిసి రెండో స్థానంలో నిలిచారు. ఆయన వెనక ఉన్నది రూబెన్ ఫైన్, సాలో ఫ్లోర్. అప్పటి ప్రపంచంలో మొదటి పదిమందిని ఎంచితే ఈ పేర్లు తప్పక వచ్చేవి. 1938లో, మళ్లీ 1956లో బ్రిటిష్ ఛాంపియన్. 1946 జూన్‌లో సోవియట్ యూనియన్‌కీ బ్రిటన్‌కీ మధ్య రేడియో మీద జరిగిన మ్యాచిలో బ్రిటన్ 18-6 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ ఓటమిలోనే మొదటి బోర్డు మీద, త్వరలో ప్రపంచ ఛాంపియన్ కాబోయే బొత్విన్నిక్‌తో రెండు ఆటలు ఆడి ఒకటి గెలిచి ఒకటి ఓడారు అలెగ్జాండర్. 1946-47 హేస్టింగ్స్ గెలిచారు. 1953-54 హేస్టింగ్స్‌లో బ్రోన్‌స్టీన్‌తో మొదటి స్థానం పంచుకున్నారు, అదీ బ్రోన్‌స్టీన్‌నీ తొలూష్‌నీ ఇద్దర్నీ ఓడించి. అంతకు మూడేళ్ల ముందే బ్రోన్‌స్టీన్ ప్రపంచ కిరీటం కోసం బొత్విన్నిక్‌తో 12-12గా నిలిచిన మనిషి. ఆయనతో అలెగ్జాండర్ ఆడిన ఆట 120 ఎత్తులు సాగింది. డచ్ రక్షణతో మొదలై మంత్రుల అంత్యక్రీడలో తేలింది. అంతసేపు మంత్రులు ఎదురెదురుగా ఉన్న అంత్యక్రీడను ఒక్క నిరంతర చెక్కుకు కూడా చోటివ్వకుండా గెలవడం ఎంత కష్టమో మీకు మేం చెప్పనక్కర్లేదు.

1950లో మీ సంస్థ మొదటిసారి బిరుదుల జాబితా ప్రకటించినప్పుడు అందులో 27 మంది గ్రాండ్‌మాస్టర్లు. అలెగ్జాండర్ ఇంటర్నేషనల్ మాస్టర్. ఆ తర్వాత పైమెట్టు ఎక్కడానికి పెద్ద అంతర్జాతీయ టోర్నమెంట్లు ఆడాలి. అప్పట్లో వాటిలో చాలా భాగం సోవియట్ యూనియన్‌లో, తూర్పు ఐరోపాలో. అక్కడికి ఆయన వెళ్లడానికి లేదు. 1949 నుంచి 1971లో పదవీ విరమణ దాకా బ్రిటన్ ప్రభుత్వ సంకేత గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో గూఢలిపి ఛేదన విభాగానికి ఆయనే అధిపతి. ఆయన తలలో ఉన్నది ఇనుప తెర అవతల చేరకూడని సరుకు. 1956లో దేశపు ఛాంపియన్ ఆయన, ఆ ఏడాది ఒలింపియాడ్ మాస్కోలో. ఇంగ్లాండు జట్టులో ఆయన లేరు. 1954 ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడారు, 1958 మ్యూనిక్‌లో ఆడారు. దేశాల పటం ముందు పెట్టుకుంటే కారణం దానంతటదే కనబడుతుంది.

బ్రిటన్ గడ్డ మీద పుట్టినవాళ్లలో మొదటి గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్, 1976లో. అలెగ్జాండర్ 1974 ఫిబ్రవరి 15న పోయారు. యుద్ధకాలంలో బ్రిటన్ గూఢలిపి ఛేదన కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో ఏం జరిగిందో లోకానికి తెలిసింది కూడా 1974లోనే, ఆయన పోయిన కొన్ని నెలల తర్వాత. అంటే తన జీవితంలో అతి ముఖ్యమైన పని గురించి పత్రికలో ఒక్క వాక్యం చూసుకునే అవకాశం కూడా ఆయనకు లేకపోయింది.

ఇక ఆ పని. దీన్ని కాస్త వివరంగా రాయాలి. మీ ప్రశంసాపత్రం రాసేవారు "ఎనిగ్మా ఛేదించిన చదరంగ మేధావి" అని రాసి సరిపెడితే అది తప్పవుతుంది.

ఎనిగ్మా అంటే జర్మన్ సేనలు తమ సందేశాలను గూఢలిపిలోకి మార్చడానికి వాడిన యంత్రం. అది మొదట లొంగింది చదరంగం ఆడేవాళ్లకు కాదు. 1932 డిసెంబరులో పోలండ్ గణిత శాస్త్రజ్ఞుడు మరియన్ రెయెవ్‌స్కీకి. 1939 జూలైలో వార్సా దగ్గర పిరీలో పోలిష్ బృందం తమకు తెలిసినదంతా బ్రిటిష్, ఫ్రెంచి అధికారుల చేతుల్లో పెట్టింది. ఆ సమయానికి అలెగ్జాండర్, స్టువర్ట్ మిల్నర్-బారీ, హారీ గొలాంబెక్ ముగ్గురూ బ్యూనస్ ఏర్స్ ఒలింపియాడ్ ప్రయాణం కోసం పెట్టె సర్దుకునే పనిలో ఉండాలి. అక్కడ ఆట సగంలో ఉండగా సెప్టెంబరు 3న యుద్ధం వచ్చింది. ఫైనల్‌కు అర్హత సాధించిన ఇంగ్లాండు జట్టు తప్పుకుని తిరుగుముఖం పట్టింది. కేంబ్రిడ్జిలో తన సహాధ్యాయి అయిన మిల్నర్-బారీని గణిత శాస్త్రజ్ఞుడు గోర్డన్ వెల్చ్‌మన్ బ్లెచ్లీకి పిలిచారు. మిల్నర్-బారీ తన స్నేహితుడు అలెగ్జాండర్‌ను లాక్కొచ్చారు. 1940 మొదట్లో ఇద్దరూ హట్ 6లో ఉన్నారు. హట్ అంటే ఆ ఆవరణలో వేసిన చెక్క షెడ్డు. అక్కడ జర్మన్ సైన్యం, వైమానిక దళం సందేశాలు. నౌకాదళానిది పక్కన హట్ 8.

ఎనిగ్మా యంత్రంలో అయిదు చక్రాల్లోంచి మూడింటిని ఎంచి వరసలో పెడితే 60 రకాలు. మూడు చక్రాల మొదటి స్థానాలు 26 × 26 × 26, అంటే 17,576. ముందు భాగంలో ప్లగ్ బోర్డు: పది తీగలతో 20 అక్షరాలు జతపడతాయి, ఆరు అలాగే ఉంటాయి. ఆ జతలొక్కటే 150 లక్షల కోట్లకు పైగా. ఇన్ని దారులున్న చోట ఎవరి మేధస్సూ ఒక్కో దారీ తొక్కలేదు. దారులు కొట్టేయడమే పని. మంచి చదరంగ ఆటగాడు చేసేదీ అదే: నలభై ఎత్తుల్లో ముప్పై ఏడింటిని చూడకుండానే పక్కన పెట్టి, మిగిలిన మూడింటిని లోతుగా చూడడం.

మిల్నర్-బారీ నడిపిన గదిని క్రిబ్ గది అనేవారు. క్రిబ్ అంటే, ఈ సందేశంలో ఈ చోట ఫలానా మాట ఉండి తీరుతుందని వేసే అంచనా. రోజూ ఒకే వేళకు ఒకే స్టేషన్ నుంచి వచ్చే సందేశంలో "ప్రత్యేక సంఘటనలేమీ లేవు" అని ఉంటుందనుకోండి. జర్మన్‌లో 'కైన బెసొండెరెన్ ఎరైగ్నిస్సె', మొత్తం 25 అక్షరాలు. ఎనిగ్మాలో ఒక లోపం ఉంది: ఏ అక్షరమూ ఎప్పుడూ తనలాగే బయటికి రాదు. కాబట్టి క్రిబ్‌ను గూఢపాఠం కింద రాసి, ఒక్కో అక్షరం చొప్పున జరుపుతూ పోవాలి. పైనా కిందా ఎక్కడైనా ఒకే అక్షరం ఎదురుపడితే ఆ స్థానం అబద్ధం, కొట్టేయాలి. తప్పు స్థానంలో ఒక అక్షరం ఢీకొనకుండా బయటపడే అవకాశం 26లో 25. ఇరవై అయిదు అక్షరాలూ బయటపడే అవకాశం సుమారు 37 శాతం. అంటే ప్రతి మూడు తప్పు స్థానాల్లో దాదాపు రెండు ఈ ఒక్క పరీక్షకే ఎగిరిపోతాయి. మిగిలినవాటిలో ఏది నిజమో చెప్పేది ఆ స్టేషన్ అలవాట్లు తెలిసిన మనిషి: ఈ ఆపరేటరు మొదట చిరునామా పెడతాడా, అంకెలు అక్షరాల్లో రాస్తాడా, ఆదివారం పూట సందేశం పొట్టిగా పంపుతాడా.

పొడుగైన క్రిబ్ దొరికితే అంతా సులువనుకోవడం పొరపాటు. కుడిచేతి చక్రం 26 మెట్లకోసారి మధ్య చక్రాన్ని కదుపుతుంది. 25 అక్షరాల క్రిబ్‌లో ఆ మలుపు దాదాపుగా వచ్చి తీరుతుంది. 13 అక్షరాల ముక్క తీసుకుంటే మలుపు పడే అవకాశం 26లో 12. మలుపు మధ్యలో పడితే అవతలి భాగమంతా లెక్క తప్పుతుంది. అందుకని క్రిబ్‌లో సగం ముక్కనే తీసుకుని, గూఢాక్షరానికీ అసలక్షరానికీ మధ్య జతలు గీసి, అవి చుట్టు తిరిగి మొదటి అక్షరానికి చేరే లూపులు వెతుకుతారు. ఆ బొమ్మను మెనూ అనేవారు. లూపులు తక్కువైతే, సాధ్యమైన అమరికలను వరసగా పరీక్షించే బాంబ్ అనే యంత్రం అబద్ధపు చోట్ల పదేపదే ఆగుతుంది. ఒక్కో లూపు పెరిగినకొద్దీ ఆ అబద్ధపు ఆగడాలు సుమారు 26వ వంతుకు పడిపోతాయి. సిగ్నల్ పట్టేటప్పుడు ఒక్క అక్షరం తప్పుగా విన్నా, అది మెనూలో ఉంటే, యంత్రం నిజమైన చోటును దాటి వెళ్లిపోతుంది. అప్పుడు నేరం క్రిబ్‌దా, విన్నవాళ్లదా, యంత్రంలో సరిగా తాకని బ్రష్‌దా అని తేల్చాలి. ఈ తేల్చడంలోనే రాత్రులు గడిచిపోయేవి.

బాంబ్ యంత్రం గణిత శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ ఆలోచన. దాని శక్తిని ఎన్నో రెట్లు పెంచిన 'వికర్ణ పలక' వెల్చ్‌మన్‌ది: ఒక అక్షరం రెండోదానికి జతైతే రెండోది మొదటిదానికి జతై ఉండాలన్న చిన్న సంగతిని తీగల్లోకి దించారు. ఒక బాంబ్‌లో 36 ఎనిగ్మాలకు సమానమైన డ్రమ్ములు, మొత్తం 108. ఒక చక్రాల వరస పరీక్షకు ఇంచుమించు పావుగంట. మెనూ చిన్నదైతే ఒకేసారి మూడు వరసలు పెట్టొచ్చు. 60 వరసలకు 20 విడతలు, అయిదు గంటలు. నౌకాదళం దగ్గరికొచ్చేసరికి చక్రాలు ఎనిమిది, వరసలు 336. అదే లెక్కన 112 విడతలు, 28 గంటలు. యంత్రం అమరిక (దాన్నే తాళం అనేవారు) రోజూ మారుతుంది, ఇది తేలేలోపు ఆ రోజే అయిపోతుంది.

ఇక్కడే అలెగ్జాండర్ గొప్పతనం. 1941లో ఆయన హట్ 8కు మారారు, 1942 నవంబరు నుంచి దాని అధిపతి. 336ను తగ్గించడానికి ట్యూరింగ్ కనిపెట్టిన పద్ధతి పేరు బాన్‌బరిస్మస్, కాగితాలు బాన్‌బరీ ఊళ్లో అచ్చయ్యేవి గనక. పొడవాటి కాగితం మీద నిలువు వరసలు, ఒక్కో వరసలో 26 అక్షరాలు. సందేశంలో ఒక్కో అక్షరానికి ఒక్కో చిల్లు. రెండు సందేశాల కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి జరుపుతూ, రెంటికీ చిల్లు ఒకేచోట పడ్డవి లెక్కపెట్టాలి. సంబంధం లేని రెండు పాఠాల్లో అక్షరం కలిసే అవకాశం 26లో 1. యంత్రం ఒకే స్థితిలో ఉన్నప్పుడు రాసిన పాఠాలైతే, కింద ఉన్నది జర్మన్ భాష కాబట్టి, అది 17లో 1.

ఈ తేడాను నమ్మకంగా మార్చే కొలమానం డెసిబాన్. ఒక చిల్లు కలిస్తే 1.84 డెసిబాన్లు జమ. కలవకపోతే 0.093 ఖర్చు. ఇరవై తప్పులు ఒక ఒప్పును మింగేస్తాయన్నమాట. రెండు వందల అక్షరాలు ఒకదానిమీదొకటి వచ్చాయనుకోండి. ఉత్తినే పెట్టినా 8 దాకా కలుస్తాయి, నిజమైన చోట 12 దాకా. పదమూడు కలిశాయని సంబరపడితే, జమ 24, ఖర్చు 17.4, మిగిలింది 6.6 మాత్రమే. సందేశాల మొదట్లో ఉండే సూచికల్లో (యంత్రం ఏ స్థానంలో మొదలైందో తెలిపే అక్షరాల్లో) మూడో అక్షరం ఒక్కటే తేడా ఉన్న జతకు మొత్తం 50 జరుగుళ్లు సాధ్యం. అంటే ఏ ఒక్క జరుగుడైనా మొదలే 17 డెసిబాన్ల అప్పుతో వస్తుంది. పదమూడు చిల్లులు ఆ అప్పు తీర్చలేవు. ఇరవై కలిస్తే నికరం 20.2. అప్పు పోను మిగిలింది 3.2, అంటే నిజమయ్యే అవకాశం రెండుంటే కాకపోయే అవకాశం ఒకటి, అంతే. అలాంటి అరకొర సాక్ష్యాలు పదో పన్నెండో కలిపి గొలుసు కట్టాలి. గొలుసులో ఒక్క లింకు అబద్ధమైతే మిగతావన్నీ ఎక్కడో ఒకచోట తమలో తాము తగవు పడతాయి. ఏ లింకు తెంచాలో తెలియాలి. వరసగా నాలుగక్షరాలు కలిస్తే దాని విలువ వేరు. సందేశం చివర డొల్ల అక్షరాలు పెట్టారేమో చూడాలి.

జర్మన్ల తప్పొకటి దీనికి ఊపిరి పోసింది. మొదటి అయిదు చక్రాలకూ మలుపు అక్షరాలు వేరువేరుగా పెట్టారు. గొలుసు సరిగా పడితే మలుపు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది, అది తెలిస్తే కుడిచేతి చక్రం ఏదో తెలుస్తుంది. అయిదింటికీ ఒకేచోట పెట్టి ఉంటే ఈ దారే మూసుకుపోయేది. ఆరు, ఏడు, ఎనిమిది చక్రాలకు మలుపులు ఒకేలా పెట్టి జాగ్రత్త పడ్డారు గానీ అప్పటికే ఆలస్యమైంది. కుడి చక్రం తేలితే 336 వరసలు 42 అవుతాయి. మధ్య చక్రం కూడా తేలితే ఆరు. ఆరు వరసలంటే బాంబ్‌కు రెండు విడతలు, అరగంట.

ఈ పనిలో అందరికంటే నేర్పరి అలెగ్జాండరేనని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పారు. చదరంగం ఇక్కడ ఎలా పనికొచ్చిందో మా అభిప్రాయం చెబుతాం. మాస్టర్ల మధ్య ఆటలో గెలుపు ఒక్క దెబ్బతో రాదు. బలహీనమైన గడి ఒకటి, కాస్త ఇరుకున పడ్డ శకటు ఒకటి, వెనకబడ్డ బంటు ఒకటి, వీటిని కలిపి తూచడం వస్తేనే గెలుపు. ఒక్కోటీ విడిగా చూస్తే ఏమీ కాదు. పైగా సమయం మీద కన్నుండాలి, ఏ ఊహను ఎంతసేపు వెంటాడి ఎప్పుడు వదలాలో తెలియాలి. ఈ తూనిక అలెగ్జాండర్‌కు చేతి అలవాటు. ఎత్తులు గుర్తుపెట్టుకునే జ్ఞాపకశక్తి దీనికి పెద్దగా అక్కర్లేదు. ట్యూరింగ్ సంగతే చూడండి: లెక్కల్లో అంతటివాడు, బల్ల ముందు కూర్చుంటే బలహీనమైన ఆటగాడు. చదరంగం ఆడితే కోడ్‌లు విప్పడం వస్తుందని పిల్లలకు చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. లేకపోతే అది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

బాన్‌బరీ కాగితాలు పరిచినవాళ్లలో జోన్ క్లార్క్ ఉన్నారు. 1944లో హట్ 8 ఉపాధిపతి. జీతం పెంచడానికి ఆడవాళ్లకు తగిన హోదా లేక ఆవిడను భాషావేత్తగా చూపించారు, ఆ పదవికి కావలసిన భాషేదీ ఆవిడకు రాకపోయినా. బాంబ్‌లు నడిపింది నౌకాదళ మహిళా విభాగం అమ్మాయిలు. యుద్ధం చివరికి బ్లెచ్లీలో సుమారు 9,000 మంది, నాలుగింట మూడు వంతులు స్త్రీలు. మీ ప్రశంసాపత్రంలో "అలెగ్జాండర్ ఒక్కరే" అన్న ధ్వని రాకూడదని మేం పట్టుబట్టడానికి కారణం ఇదే. ఇంకో పొరపాటు కూడా రాకుండా చూడండి: కొలోసస్ యంత్రానికీ ఎనిగ్మాకూ సంబంధం లేదు. టామీ ఫ్లవర్స్ కట్టిన ఆ యంత్రం లోరెంజ్ అనే వేరే గూఢలిపి కోసం.

చదరంగం ఆడేవాళ్లు లేఖ రాసి పని సాధించిన ఉదాహరణ కూడా బ్లెచ్లీలోనే ఉంది. 1941 అక్టోబరు 21న ట్యూరింగ్, వెల్చ్‌మన్, అలెగ్జాండర్, మిల్నర్-బారీ నలుగురూ సంతకాలు చేసి నేరుగా చర్చిల్‌కు లేఖ రాశారు. మిల్నర్-బారీ దాన్ని స్వయంగా డౌనింగ్ స్ట్రీటుకు పట్టుకెళ్లారు. అందులో యుద్ధం గురించి గంభీరమైన మాటలు లేవు. కార్డుల యంత్రాల విభాగంలో రాత్రి షిఫ్టు ఆగిపోయింది, అందువల్ల నౌకాదళ తాళాలు రోజూ కనీసం పన్నెండు గంటలు ఆలస్యమవుతున్నాయి, ఇరవై మంది గుమాస్తాలు కావాలి. మధ్యప్రాచ్యం నుంచి వచ్చే సందేశాలు టైపు చేసేవాళ్లు లేక పడి ఉన్నాయి, ఇరవై మంది టైపిస్టులు కావాలి. బాంబ్‌లు ఆగిన చోట్లను పరీక్షించడానికి అమ్మాయిల్ని ఇస్తామని జూలైలో మాటిచ్చారు, అక్టోబరు చివరికొచ్చినా రాలేదు. ఏం ఆగింది, ఎందుకాగింది, ఎంతమంది కావాలి. చర్చిల్ "ఈరోజే చర్య తీసుకోవాలి" అన్న చీటీ అంటించి, వాళ్లకు కావలసినవన్నీ అత్యంత ప్రాధాన్యంతో ఇచ్చి తనకు తెలియజేయమన్నారు. ఆ నలుగురిలో ఇద్దరు మీ ఒలింపియాడ్‌లలో ఆడినవాళ్లు.

గౌరవాల సంగతి చూస్తే మనసు చివుక్కుమంటుంది. 1946లో ట్యూరింగ్, అలెగ్జాండర్, మిల్నర్-బారీలకు ఓబీఈ అనే బ్రిటన్ పురస్కారం వచ్చింది. దేనికో ఎవరూ బయటికి చెప్పడానికి లేదు. గొలాంబెక్‌కు 1966లో అదే ఓబీఈ చదరంగ సేవకు వచ్చింది, చదరంగానికి వచ్చిన మొదటి ఓబీఈ అది. కాబట్టి పేపర్లో రాయగలిగారు. 1985లో మీరు ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ ఇచ్చారు. ఆయన అప్పటికి బతికి ఉన్నారు. లోరెంజ్ యంత్రాన్ని చూడకుండానే దాని నిర్మాణం తేల్చిన బిల్ టట్‌కు బ్రిటన్ ఏమీ ఇవ్వలేదు. 2001లో కెనడా ఇచ్చింది. 2009లో బ్రిటన్ ప్రభుత్వం బ్లెచ్లీ ఉద్యోగులకు స్మారక బ్యాడ్జి ఇచ్చింది, బతికి ఉన్నవాళ్లకు.

మిల్నర్-బారీ విషయం ఇంకా విచిత్రం. యుద్ధం తర్వాత ఆయన ఖజానా శాఖలో చేరారు. 1966 నుంచి 1977 దాకా బ్రిటన్ గౌరవ పురస్కారాల జాబితాలు తయారుచేసే కార్యాలయానికి అధికారి ఆయనే. ఎవరికి ఏ పతకమో, కింద ఏ కారణం రాయాలో పదకొండేళ్లు చూసిన మనిషి. ఆ పదకొండేళ్లలో ఎక్కువ భాగం తన సొంత షెడ్డులో జరిగిన పనిని ఏ జాబితాలోనూ కారణంగా రాయడానికి ఆయనకు వీల్లేదు. 1970 నుంచి 1973 వరకు బ్రిటిష్ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు కూడా ఆయనే. కారణం రాయలేని గౌరవం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. 1992లో, ఎనభై అయిదు దాటిన వయసులో, బ్లెచ్లీ పార్క్‌ను కాపాడమని వినతిపత్రం పట్టుకుని మళ్లీ డౌనింగ్ స్ట్రీటు మెట్లెక్కిన బృందంలో ఆయన ఉన్నారు.

మా దేశంలో పద్మ పురస్కారాలు మామూలుగా మరణానంతరం ఇవ్వరు, చాలా అర్హమైన సందర్భాల్లో మాత్రం మినహాయింపు ఉంది. కోనేరు హంపికి 2007లో, ద్రోణవల్లి హారికకు 2019లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ప్రతి ఎత్తూ అచ్చులో ఉంది, సిఫారసు రాసేవారికి పని తేలిక. అలెగ్జాండర్ పనిలో సగం మూడు దశాబ్దాలు బీరువాలో ఉంది. బీరువా తెరిచాక చూడడం బిరుదిచ్చే సంస్థ బాధ్యత.

మీ కమిషన్‌లో వచ్చే అభ్యంతరాలు ఊహించగలం. యుద్ధంలో చేసిన పనికి చదరంగ బిరుదెలా ఇస్తాం అంటారు. ఇవ్వకండి. పైన రాసిన హేస్టింగ్స్ ఫలితాలకూ బొత్విన్నిక్ ఆటకూ ఇవ్వండి. యుద్ధం, ఆ తర్వాతి ఉద్యోగం, ఫలితాలు ఎందుకు అంత తక్కువ ఉన్నాయో చెప్పే వివరణ మాత్రమే. ఆయన ఎలాగూ అభిరుచిగా ఆడిన ఉద్యోగస్తుడు, సెలవు దొరికినప్పుడే ఆడేవాడు, స్వేచ్ఛ ఉన్నా ఎక్కువ టోర్నమెంట్లు ఆడేవాడు కాదేమో అంటారు. ఇందులో నిజముంది, దాచం. హేస్టింగ్స్ క్రిస్మస్ సెలవుల్లో వచ్చే టోర్నమెంటు కావడం యాదృచ్ఛికం కాదు. కానీ ఎవరైనా ఆడి ఉండగల ఆటలను లెక్కలోకి తీసుకోమని మేం అడగడం లేదు. ఆడినవే చాలు.

పద్ధతి గురించి మా సూచన. దరఖాస్తు ఆ ఆటగాడి సొంత దేశపు సమాఖ్య నుంచే రానక్కర్లేదు. ఏ సభ్య సమాఖ్య అయినా పెట్టగలగాలి, లేకపోతే సొంత దేశం పట్టించుకోనివాళ్లకు దారుండదు. వ్యక్తి పోయి కనీసం పదేళ్లు గడిచి ఉండాలి. ఆటల పూర్తి స్కోర్లు, టోర్నమెంట్ల పట్టికలు జతచేయాలి. నెమ్మదిగా సాగిన పాత టోర్నమెంట్లకు నేటి రేటింగ్ సూత్రం అంటగట్టకుండా, ఆ పోటీలో పాల్గొన్నవాళ్ల అప్పటి స్థాయినిబట్టి తూచాలి. ఆడలేకపోవడానికి కారణం వలస పాలనో, జైలో, రహస్య ఉద్యోగమో అయితే దానికి ప్రభుత్వ పత్రమో ప్రచురిత చరిత్రో ఆధారంగా ఉండాలి. అలెగ్జాండర్ విషయంలో అది సులభం: 1945 ప్రాంతంలో ఆయనే రాసిన హట్ 8 పని చరిత్ర ఇప్పుడు బ్రిటన్ జాతీయ పత్రాల భాండాగారంలో ఎవరైనా చదవొచ్చు. నిర్ణయం ఏదైనా, కాదన్నా సరే, కారణంతో సహా ప్రచురించాలి.

ప్రశంసాపత్రానికి ముసాయిదా ఇస్తున్నాం. మార్చుకోండి, కుదించుకోండి, అంకెలు మాత్రం తీసేయకండి:

"కొనెల్ హ్యూ ఓడోనెల్ అలెగ్జాండర్, జననం కార్క్, 1909 ఏప్రిల్ 19, మరణం చెల్టెన్‌హామ్, 1974 ఫిబ్రవరి 15. బ్రిటిష్ ఛాంపియన్ 1938, 1956. ఆరు ఒలింపియాడ్‌లలో ఇంగ్లాండు ఆటగాడు. హేస్టింగ్స్ 1937-38లో కెరెస్‌తో కలిసి రెండో స్థానం, 1946-47లో మొదటి స్థానం, 1953-54లో బ్రోన్‌స్టీన్‌తో కలిసి మొదటి స్థానం. 1946లో బొత్విన్నిక్‌పై గెలుపు. 1940 నుంచి బ్లెచ్లీ పార్క్‌లో, పోలిష్ గణిత శాస్త్రజ్ఞులు వేసిన పునాది మీద, వేలాది స్త్రీ పురుషులతో కలిసి పనిచేశారు. 1942 నవంబరు నుంచి జర్మన్ నౌకాదళ ఎనిగ్మా విభాగాన్ని నడిపారు. యుద్ధానంతరం చేసిన రహస్య ఉద్యోగం వల్ల తన తరం నాటి ప్రధాన టోర్నమెంట్లలో కొన్నింటికి వెళ్లలేకపోయారు. గౌరవ గ్రాండ్‌మాస్టర్."

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల చదరంగ ఆర్బిటర్లు, శిక్షకులు, గూఢలిపి శాస్త్రం బోధించే అధ్యాపకులు కొందరు